బడిపిల్లల చేతిపనికి తరుగు పద్దు రాయండి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి, ఆర్థిక మంత్రి గారికి, పాఠశాల విద్యాశాఖ అధికారులకు, ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల శాసనసభ్యులకు నమస్కారం.

నేను మోటర్ వైండింగ్ మెకానిక్‌ని, అంటే కాలిన మోటర్లకు రాగి వైరు మళ్లీ చుట్టేవాణ్ని. దేవరకొండ నుంచి కల్వకుర్తి వైపు పోయే దారిలో ఒక మండల కేంద్రంలో ముప్పై ఏళ్లకు పైగా షాపు నడుపుతున్నాను. బోరు మోటర్లు, స్టార్టర్లు, ఎండలు ముదిరితే కూలర్లు, ఫ్యాన్లు. మా దగ్గర నీళ్లు ఎక్కడో పాతాళంలో ఉంటాయి. అందుకే రైతు బతుకు మోటర్ మీద నడుస్తుంది. మోటర్ కాలిందంటే అర్ధరాత్రైనా నా ఫోను మోగుతుంది. సర్కారు బడుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నేర్పుతున్న వృత్తి విద్య గురించి, దానికి మీరిచ్చే డబ్బు గురించి నాకు తెలిసింది చెబుదామని ఈ లేఖ రాస్తున్నాను.

మూడేళ్ల కింద పక్క ఊరి హైస్కూలు నుంచి ఒక యువకుడు షాపుకు వచ్చాడు. బడిలో వృత్తి విద్య ట్రైనర్‌నని చెప్పాడు. "అన్నా, కాలిపోయిన ఫ్యాన్ ఒకటుంటే ఇస్తవా? లోపల ఎట్లుంటదో పిల్లలకు చూపిస్త" అన్నాడు. నాలుగు ఇచ్చి పంపాను. తర్వాతి వారం, మీరే వచ్చి చూపిస్తే బాగుంటుందని పిలిస్తే వెళ్లాను.

ఆ గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. మల్టీమీటర్లు, సోల్డరింగ్ ఐరన్లు, డ్రిల్లింగ్ మిషన్, కటింగ్ ప్లేయర్లు, స్క్రూడ్రైవర్ల సెట్లు అన్నీ అందులో ఉన్నాయి. నా షాపులో ఉన్నవాటికంటే మంచివి. చాలావాటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. తాళం హెడ్మాస్టర్ సారు దగ్గర ఉంది. ఆయన చెడ్డ మనిషి కాదు. చాయ్ తాగుతూ మనసులో మాట చెప్పాడు: "ఇవన్నీ స్టాక్ రిజిస్టర్ల ఉన్నయి. ఒక్కటి పోయినా, పగిలినా ఆడిట్ల నేనే జవాబు చెప్పాలె. రెండేండ్లల్ల రిటైరైత. నా పెన్షన్ కాయితాలు ఆగితే ఎవరు చూస్తరు?" ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. మరి పిల్లలు చుట్టడానికి వైరు ఎక్కడుందని ట్రైనర్‌ను అడిగాను. వైరు లేదు. ఇన్సులేషన్ పేపరు లేదు. వార్నిష్ లేదు. పనిముట్లు వచ్చాయి, వాటితో చేయడానికి సామాను రాలేదు.

ఆ రోజు పిల్లలకు ఫ్యాన్ విప్పి చూపించాను. స్టేటర్ అంటే ఏది, రన్నింగ్ కాయిల్ ఏది, స్టార్టింగ్ కాయిల్ ఏది, కెపాసిటర్ ఎందుకు, కాలిన వైండింగ్ వాసన ఎట్లుంటుంది. నలభై మంది పిల్లలు మెడలు చాపి చూశారు. చివర్లో ఒక తండా పిలగాడు ముందుకొచ్చి, "సార్, నేనొకటి చుట్టాల్నా?" అని అడిగాడు. చుట్టడానికి ఏమీ లేదు. నేను కూడా షాపు నుంచి వైరు పట్టుకుపోలేదు. "ఇంకోసారి చూద్దాం బిడ్డా" అని వచ్చేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బంగారం షాపుకు పోయినవాళ్లందరికీ తరుగు అనే మాట తెలుసు. కరిగించేటప్పుడు, సాగదీసేటప్పుడు, ఆకురాయి పట్టేటప్పుడు కొంత పోతుంది. ఆ పోయినదానికి లెక్క కట్టి ముందే బిల్లులో వేస్తారు. దాన్ని ఎవరూ తప్పు అనరు. వస్తువు తయారు కావాలంటే కొంత పోతుందని అందరం ఒప్పుకున్నాం. పని నేర్చుకునేటప్పుడు పోయేది ఇంకా చాలా ఎక్కువ. మొదటి కాయిల్ తప్పకుండా పాడవుతుంది. రెండోది కూడా. చుట్ల లెక్క తప్పుతుంది, వైరు మీద ఎనామిల్ గీరుకుపోతుంది, మోటర్ లోపలి గాడిలో (స్లాట్‌లో) దించేటప్పుడు బాడీకి తగిలి ఎర్త్ అవుతుంది. ఇవేవీ పిలగాడి తప్పులు కావు. అట్లా పాడుచేస్తేనే చేతికి పని తెలుస్తుంది. బడిలో పని నేర్పుతామంటూ పాడయ్యేదానికి ఒక్క రూపాయి రాయకపోతే ఆ పిల్లలకు మనం చూపిస్తున్నది పని బొమ్మ మాత్రమే.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. 1989లో పదో తరగతి లెక్కల్లో తప్పి, దేవరకొండలో ఒక వైండింగ్ షాపులో చేరాను. ఏడాదిన్నర చాయ్ మోశాను, కాలిన వైరు ఉలితో కోసి లాగాను, బేరింగులు కిరోసిన్‌లో కడిగాను. రాగి వైరు ముట్టుకోనిచ్చేవాడు కాదు మా ఉస్తాద్. రాగి అంటే ఆయనకు డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు. ఒక రోజు ఆయన పెళ్లికి పోయినప్పుడు, రైతు తొందరపెడుతున్నాడని మూడు హెచ్‌పీ మోటర్‌కు నేనే వైండింగ్ చేశాను. కరెంటు పెట్టగానే పొగ. వైరంతా పోయింది. ఉస్తాద్ కొట్టలేదు. "మీ నాయన్ను తోల్కరా" అన్నాడంతే.

మా నాయన బొంబాయిలో మట్టిపని చేసి వచ్చిన మనిషి. మాది కూలి ఇల్లు. ఆయన మారుమాట లేకుండా బొంబాయి నుంచి తెచ్చిన పైసల్లోంచి ఆ వైరు ఖరీదు కట్టాడు. కట్టి, "ఇప్పుడు వానికి పని నేర్పు, వాని తరుగు నేను కట్టిన" అన్నాడు. ఆ రోజు నుంచి ఉస్తాద్ నాకు వైరు ముట్టుకోనిచ్చాడు. మా నాయన దగ్గర ఆ పైసలు లేకపోతే నేను కూడా మట్టిపనికే పోయేవాణ్ని. నాతో పాటు ఆ షాపులో చాయ్ మోసిన ఇంకో పిలగాడు పోయాడు కూడా. వాడికి నాయన లేడు.

ఇప్పుడు ఉస్తాద్ స్థానంలో నేనున్నాను. పని నేర్పమని పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరమని 2016లో చట్టాన్ని గట్టిగా సవరించారు. అది మంచి చట్టం, పదమూడేళ్లవాణ్ని నేను తిప్పి పంపేస్తాను. పదహారు, పదిహేడేళ్లవాడు వస్తే పెట్టుకుంటాను, కానీ నిజం చెప్పాలంటే నేను కూడా వాడికి ఏడాది దాకా రాగి ముట్టుకోనివ్వను. వైండింగ్ వైరు కిలో వెయ్యి రూపాయలు దాటింది. అయిదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటర్ ఒకటి పాడుచేస్తే నా వారం సంపాదన పోతుంది. పైగా ఆ మోటర్ నాది కాదు, పొలం ఎండిపోతున్న ఒక రైతుది. రైతు సొమ్ము మీద పిలగాడికి పాఠం చెప్పే హక్కు నాకు లేదు. షాపులో నేర్చుకోవడానికి జాగా ఎంత ఇరుకో మీకు ఇప్పుడు తెలిసి ఉంటుంది. పాడుచేసినా ఎవరి పొలమూ ఎండని చోటు ఒక్క బడే.

వడ్రంగి కొడుకు కర్ర పాడుచేస్తే వాళ్ల నాయన భరిస్తాడు. పుట్టపాకలో, గట్టుప్పల్‌లో మగ్గం ఉన్న ఇంట్లో బిడ్డ చిటికి కట్టడం, అంటే రంగు వేసే ముందు నూలుకు ముడులు కట్టడం తప్పు చేస్తే ఆ నూలు నష్టం ఆ ఇల్లే మోస్తుంది. అట్లా కులాల్లో, ఇళ్లల్లో పని నిలబడింది. మగ్గం లేని ఇంటి బిడ్డకు, షాపు లేని ఇంటి కొడుక్కు ఆ తరుగు ఎవరు కడతారు? మా వైపు తండాల్లో, దళితవాడల్లో పుట్టిన పిల్లలకు చేతిపని రాకపోవడానికి తెలివి తక్కువ కాదు కారణం. వాళ్లు పాడుచేస్తే భరించే మనిషి వెనక లేడు. అందుకే వాళ్లు కూలీగా మొదలై కూలీగానే మిగులుతున్నారు. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు వాళ్ల చేతుల మీద లేచాయి. కానీ ఏ సైటులో చూసినా మేస్త్రీ ఒక రేటు, కూలీ ఒక రేటు. నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు నుంచి బస్సెక్కినవాళ్లలో ఎంతమంది మేస్త్రీలు అయ్యారో ఆ ఊళ్లల్లో అడిగి చూడండి. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, నల్గొండది 64.20 శాతం. చదువు అందనిచోట పని కూడా అందలేదు. రెండూ ఒక్క చోటనే అందించగలిగేది సర్కారు బడి.

ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. నా ముప్పై ఏళ్లలో ఒక్క ఆడపిల్లను కూడా నా షాపులో పెట్టుకోలేదు. ఎవరూ తీసుకురాలేదు, నేనూ అడగలేదు. రోడ్డు మీద షాపు, గ్రీజు, వచ్చిపోయే మగవాళ్లు, ఏ తల్లి పంపుతుంది? కానీ ఆ బడిలో నేను ఫ్యాన్ విప్పినప్పుడు అందరికంటే మంచి ప్రశ్న అడిగింది ఒక ఆడపిల్లే. "సార్, రెండు కాయిల్స్‌కి వైరు సన్నం, లావు వేరే ఉంది కదా, రెసిస్టెన్స్ కూడా వేరే ఉంటదా?" అంది. ఆమె పదో తరగతి భౌతిక శాస్త్రంలో విద్యుత్ ప్రవాహం పాఠం ఉంది, దాని తర్వాత విద్యుదయస్కాంతత్వం ఉంది. మార్కులకు బట్టీపట్టిన ఓమ్ సూత్రం ఆ పాపకు నా కాలిన ఫ్యాన్‌లో కనబడింది. నేను చదువుకున్న రోజుల్లో ఎవరైనా నాకు అట్లా చూపించి ఉంటే లెక్కల్లో తప్పేవాణ్ని కాదేమో. మీటర్ పెట్టి కొలిచి చూద్దామంటే బీరువా తాళం కోసం మనిషిని పంపాల్సి వచ్చింది. ఆడపిల్లకు బడి తప్ప వేరే వర్క్‌షాపు లేదు. ఆ గదిలో సామాను లేకపోతే ఆమెకు ఇంకెక్కడా ఉండదు.

ఇక డబ్బు వచ్చే దారి. ఈ వృత్తి విద్య సమగ్ర శిక్ష కింద నడుస్తోంది. 2018లో మూడు పాత పథకాలు కలిపి దాన్ని పెట్టారు. ఖర్చులో కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు. ఏటా రాష్ట్రం ప్లాను పంపాలి, ఢిల్లీలో ఆమోదం కావాలి, వాళ్ల వాటా రావాలి, దానికి మన వాటా కలవాలి, అప్పుడు జిల్లాకు, అక్కడి నుంచి బడికి. ట్రైనర్లను శిక్షణ ఏజెన్సీల ద్వారా తీసుకుంటారు. అంటే ఆ గదిలో పాఠం చెప్పే మనిషి ఆ బడి మనిషి కాదు. ఏజెన్సీ మారితే ఏమవుతుందో, జీతం ఎప్పుడు పడుతుందో అతనికే తెలియదు. నా దగ్గరికి ఫ్యాన్ కోసం వచ్చిన ఆ యువకుడు నాలుగు నెలల జీతం కోసం ఎదురుచూస్తూనే పిల్లలకు పాఠం చెప్పాడు. మరుసటి ఏడాది అతను రాలేదు. ఫోను చేస్తే శంషాబాద్ దగ్గర ఒక గోదాములో పనిచేస్తున్నానన్నాడు. మంచి పనిమంతుడు. పిల్లలకు అతనంటే ప్రాణం. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు రోజుల తరబడి సమ్మెలో కూర్చున్నప్పుడు నాకు అతనే గుర్తొచ్చాడు.

సామాను డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఒకసారి మార్చి నెలాఖరులో అదే బడి నుంచి నాకు ఫోను వచ్చింది. డబ్బు ఇప్పుడే వచ్చింది, ముప్పై ఒకటో తారీఖు లోపు బిల్లు పెట్టకపోతే వెనక్కి పోతుంది, వైరు, పేపరు, టేపు ఏదైనా సరే వెంటనే ఇవ్వమన్నారు. ఇచ్చాను. అప్పటికి పదో తరగతి పిల్లలు పరీక్షలు రాస్తున్నారు. తొమ్మిదోవాళ్లకు క్లాసులు అయిపోవచ్చాయి. ఆ వైరు బీరువాలోకి పోయింది. ఎండాకాలం గడిచి బడి తెరిచేసరికి కొత్త స్టాక్ ఎంట్రీగా మారింది, ఇక దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. డబ్బు ఖర్చయింది. లెక్క సరిపోయింది. ఒక్క పిలగాడి చేతిలో ఒక్క చుట్టు పడలేదు.

మీరు నైపుణ్యాల మీద ఖర్చు పెట్టడం లేదని నేను అనను. 65 ఐటీఐలను 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024 జూన్‌లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి మొదలుపెట్టారు. స్కిల్ యూనివర్సిటీకి చట్టం చేశారు. ఇవి సంతోషించాల్సిన పనులు. కానీ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటు పదో తరగతి తర్వాత వస్తుంది. చేతికి పని రుచి తెలియని పిలగాడు పదహారేళ్లకు దరఖాస్తులో ఏ ట్రేడు రాస్తాడు? పక్కవాడు ఏది రాస్తే అది. ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక్క కాయిల్ కూడా స్లాట్‌లో దించనివాళ్లను చూశాను. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి పవర్ ప్లాంటు లేచింది, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలు, దివిటిపల్లిలో బ్యాటరీ ఫ్యాక్టరీ వచ్చాయి. గేటు బయట గుంతలు తవ్వడానికి మన పిల్లలు, లోపల మెయింటెనెన్స్‌కు బయటి రాష్ట్రాల పిల్లలు అయితే ఆ ఫ్యాక్టరీలు మన జిల్లాల్లో ఉండి మనకేం లాభం?

బడి కట్టడాలకు మీకు ముందున్న సర్కారు కూడా డబ్బు ఇచ్చింది. మన ఊరు మన బడి పథకాన్ని 2022 మార్చి 8న వనపర్తిలోనే మొదలుపెట్టారు. 26,065 బడులు, 7,289 కోట్ల అంచనా. అందులో పన్నెండు రకాల పనులు పెట్టారు: మరుగుదొడ్లు, కరెంటు, తాగునీళ్లు, ఫర్నిచర్, రంగులు, రిపేర్లు, ప్రహరీగోడ, వంటగది, భోజనశాల, ఇట్లా. అన్నీ కావాల్సినవే. ఆ పన్నెండింటిలో పని నేర్పే గది మాత్రం లేదు. వనపర్తి సంస్థానం రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. రాజుగారి గదుల్లో లేతులు, వైస్‌లు పెట్టుకున్న ఊరు అది. ఆ ఊళ్లో మొదలైన బడుల పథకంలో ఒక వర్క్ బెంచీకి చోటు దొరకకపోవడం నన్ను చాలా రోజులు వెంటాడింది.

మా చిన్నప్పుడు జడ్పీ బడిలో క్రాఫ్ట్ సారు ఉండేవారు. వడ్రంగం గది ఉండేది. సుత్తి ఎట్లా పట్టుకోవాలో మొదట చెప్పింది ఆయనే. ఆయన రిటైరయ్యాక ఆ కొలువులోకి ఎవరూ రాలేదు, ఆ గదిలో బియ్యం బస్తాలు పెట్టారు. ఎస్‌యూపీడబ్ల్యూ (సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని) అని టైం టేబుల్లో పీరియడ్ మిగిలింది, అందులో మేము చెట్లకు నీళ్లు పోశాం. మాకు తెలుగు చెప్పిన సారు ఈ మధ్య షాపుకు వచ్చినప్పుడు ఇదంతా మాట్లాడుకున్నాం. గాంధీ గారు 1937లో వార్ధాలో చెప్పిన నయీ తాలీం నుంచి 1960ల కొఠారి విద్యా కమిషన్ దాకా, ఇప్పటి 2020 జాతీయ విద్యా విధానం దాకా అందరూ చేతిపని బడిలో ఉండాలనే అన్నారని ఆయన చెప్పారు. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలని 2020 విధానంలో రాసుకున్నారట. ఆ గడువు వచ్చి పోయింది. సారు చెప్పిన ఇంకో మాట నాకు బాగా పట్టుకుంది. నయీ తాలీంలో పిల్లలు చేసిన వస్తువులు అమ్మితే బడి ఖర్చు వెళ్లాలని గాంధీ గారు ఆశపడ్డారట. గాంధీ గారంటే నాకు గౌరవం. కానీ పని నేర్పేవాడిగా ఆ ఒక్క మాట నేను ఒప్పుకోలేను. నేర్చుకునే పిల్లల చేతి నుంచి సంపాదన ఆశించిన రోజున వాళ్లకు కొత్తది చేయనివ్వరు, వచ్చిన పనే మళ్లీ మళ్లీ చేయిస్తారు. నా ఉస్తాద్ నాతో చేయించింది అదే.

ఒక భయం చాలామందికి ఉంది, నాకు కూడా ఉంది. పేదల పిల్లలకు బడిలో స్పానర్లు ఇచ్చి, ఉన్నవాళ్ల పిల్లలకు కంప్యూటర్లు ఇచ్చి, కులవృత్తుల కాలానికి మళ్లీ తోస్తారేమోనని. అట్లా అయితే ఈ క్లాసే వద్దు. మా అమ్మాయి డిగ్రీ చదివింది, దానికి నేను గర్వపడతాను. నేను అడిగేది తొమ్మిదో తరగతిలో ఉన్న ప్రతి పిలగాడికీ, పిల్లకూ, డాక్టర్ కావాలనుకునే పిల్లకు కూడా, సైన్సు పాఠంతో కలిపి చేతిపని నేర్పమని. మార్కులు తక్కువ వచ్చినవాళ్లను ఏరి ఒక గదిలో కూర్చోబెట్టే పద్ధతి వద్దు.

ఖర్చు ఎంతో లెక్క వేశాను. ఈ లెక్క నా షాపు ధరలది. నలభై మంది క్లాసు, ఇద్దరిద్దరు కలిసి ఒక సీలింగ్ ఫ్యాన్. ఒక్కో జంట రెండు సార్లు చుట్టాలి, ఒకసారి పాడుచేయడానికి, ఒకసారి నడిపించడానికి. ఫ్యాన్‌కు మూడొందల గ్రాముల రాగి అనుకుంటే నలభై వైండింగులకు పన్నెండు కిలోలు, పద్నాలుగు, పదిహేను వేల రూపాయలు. పేపరు, స్లీవులు, వార్నిష్, కెపాసిటర్లు, టేపు ఇంకో అయిదారు వేలు. మొత్తం ఇరవై వేలు. ఒక పిల్లకు ఏడాదికి అయిదొందలు. పాడైన రాగి పారేసేది కాదు, తూకానికి అమ్మితే ఆ పాడైన వైరు ఖర్చులో సగం దాకా వెనక్కి వస్తుంది. కుట్టు క్లాసుకు గుడ్డ, వ్యవసాయం క్లాసుకు విత్తనాలు, డ్రిప్ పైపులు, కస్తూర్బా బాలికల విద్యాలయాల్లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్) కోర్సు చదివే అమ్మాయిలకు సిరంజీలు, గ్లౌజులు, ఇట్లా ఒక్కోదానికి ఒక్కో లెక్క ఉంటుంది. ఆయా పని చేసేవాళ్లను కూర్చోబెట్టి అడిగితే పైసాతో సహా చెబుతారు. రాష్ట్రం 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు, అందులో విద్యకు 23,108 కోట్లు. పిల్లకు అయిదొందలు ఆ లెక్కలో ఎక్కడ కనబడుతుంది?

ఆ డబ్బుకు బడ్జెట్‌లో సొంతంగా ఒక పద్దు పెట్టండి. పథకం ఆమోదం కోసం, కేంద్రం వాటా కోసం ఆగకుండా రాష్ట్రం పైసలతో, జూన్ 12న బడి తెరిచే నాటికి బడి ఖాతాలో ఉండేటట్టు. ఆ పద్దు కింద కొన్న సామాను పాడైతే రాసేయడానికి హెడ్మాస్టర్‌కు అధికారం ఇస్తూ ఒక జీవో ఇవ్వండి. అన్నిటికంటే ముందు ఈ జీవో ఇవ్వండి, దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. పాడైన వైరు తూకం వేసి, స్కూల్ కమిటీ తల్లుల సంతకాలతో అమ్మి, ఆ డబ్బుతో మళ్లీ వైరు కొనుక్కోనివ్వండి. పనిముట్లు అరిగినా విరిగినా ఎవరి పెన్షనూ ఆగదని ఆడిట్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. అప్పుడు ఆ బీరువా తాళం దానంతట అదే తెరుచుకుంటుంది.

ట్రైనర్ల జీతం శాఖే నేరుగా, పన్నెండు నెలలూ, టీచర్లతో పాటు ఒకటే తారీఖున వేయాలి. మధ్యలో ఏజెన్సీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కరెంటు పని నేర్పే గదిలో మంచి ఎర్తింగ్, షాక్ కొడితే కరెంటు ఆపేసే బ్రేకర్, రబ్బరు మ్యాట్, పిల్లలకు బీమా ఉండాలి. ఇవి లేకుండా మాత్రం క్లాసు మొదలుపెట్టకండి. కరెంటుతో తమాషా లేదు, నా ఎడమ చేతి చూపుడువేలు దానికి సాక్షి. మా లాంటి ఊరి పనివాళ్లను నెలకు రెండు మూడు పూటలు బడికి పిలవండి. షాపు మూసి వస్తాం కాబట్టి ఆ పూట కూలి ఇవ్వండి, ఒక గుర్తింపు కార్డు ఇవ్వండి. మంచి ఉస్తాదులు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, గద్వాల మగ్గాల మీద, నాగర్‌కర్నూల్ ట్రాక్టర్ షెడ్లలో ఉన్నారు. వాళ్లను ఇప్పటిదాకా ఏ సర్కారూ సార్ అని పిలవలేదు.

శాసనసభ్యులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీరు బడికి వచ్చినప్పుడు రిబ్బన్ కత్తిరించే గది ఒక్కటే చూపిస్తారు. వృత్తి విద్య గది ఎక్కడుందో అడగండి. బీరువా తెరిపించండి. చెత్తబుట్టలో చూడండి. ముక్కలైన వైరు, చిరిగిన పేపరు, వంకర కుట్లు పడ్డ గుడ్డ కనబడితే ఆ బడిలో పని నడుస్తున్నట్టు. చెత్తబుట్ట శుభ్రంగా ఉంటే ఎందుకు శుభ్రంగా ఉందో హెడ్మాస్టర్ సారును కోప్పడకుండా అడగండి.

నన్ను వైండింగ్ చుట్టాల్నా అని అడిగిన తండా పిలగాడు ఇప్పుడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతున్నాడని విన్నాను. రెసిస్టెన్స్ గురించి అడిగిన పాప ఇంటర్ చదువుతోంది. వాళ్ల తర్వాత రెండు బ్యాచ్‌లు ఆ గదిలోంచి వెళ్లిపోయాయి. నా షాపు వెనక రేకుల కింద కాలిపోయిన సీలింగ్ ఫ్యాన్లు ఇరవై ఆరు ఉన్నాయి. పాత సామాను వాళ్లు అడిగినా ఇవ్వలేదు. స్టేటర్లు శుభ్రం చేసి, పాత వైరు తీసి, సంచుల్లో కట్టి పెట్టాను. ఆ బడికి వాటిని ఊరికే ఇస్తాను, చుట్టడం నేర్పడానికి నేనే వస్తాను. జూన్‌లో బడి తెరిచేసరికి పన్నెండు కిలోల వైరు మీరు పంపండి.

ఇట్లు,
ఒక మోటర్ వైండింగ్ మెకానిక్,
దేవరకొండ ప్రాంతం, నల్గొండ జిల్లా